కలివికోడి కనబడిందా?

పులిని చూపిస్తానని మా వాడికి మాటిచ్చి రెండేళ్లయింది. ఒకసారి పక్క రాష్ట్రంలోని ఓ పేరున్న నేషనల్ పార్కుకు తీసుకెళ్లాను కూడా. ఏ పార్కో ఎందుకు లెండి. తెల్లవారుజామున నాలుగున్నరకే లేపి, స్వెట్టరు తొడిగి జీపు ఎక్కిస్తే, మూడు గంటలపాటు మేం చూసింది ముందు జీపు వెనక భాగాన్ని. దాని ముందు ఇంకో జీపు. చివర్లో డ్రైవరు జాలిపడి దారి మీద పులి అడుగు చూపించాడు. మా వాడు దానివంక చాలాసేపు చూసి, ‘‘మనకు పులి కనబడకపోయినా పులికి మనం కనబడే ఉంటాంలే నాన్నా’’ అని నన్నే ఓదార్చాడు. నాలుగో తరగతి చదివే పిల్లాడు.

అందుకే ఈ సంక్రాంతికి అత్తగారి ఊరు వెళ్తూ రైల్లో వాడికి ఇంకో ఆశ పెట్టాను. పులి అయితే దేశంలో మూడు వేలకు పైగా ఉన్నాయి. ఈసారి అంతకంటే అరుదైనదాన్ని వెతుకుదాం అన్నాను. నా చిన్నప్పటి స్టాంపుల పుస్తకం సంచిలోంచి తీసి, 1988లో తపాలాశాఖ విడుదల చేసిన స్టాంపు చూపించాను. పెద్ద పెద్ద కళ్లు, పొడుగాటి కాళ్లు, రొమ్ము మీద అడ్డంగా రెండు గోధుమరంగు పట్టీలు ఉన్న పిట్ట. కలివికోడి. ఇంగ్లీషులో జెర్డన్స్ కోర్సర్.

‘‘మనం వెళ్లేది కలువాయికి. అంటే అది కలివికోళ్ల ఊరా?’’ అన్నాడు. కాదురా, పేర్లు అలా కలిశాయంతే అన్నాను. కానీ కాస్త ఆలోచిస్తే, వాడు అన్నదాంట్లో మరీ అంత తప్పు లేదు.

కలువాయి తెలియనివాళ్ల కోసం ఒక మాట. నెల్లూరు అంటే వరి, చేపలు, రొయ్యలు గుర్తొస్తాయి. అది తూర్పు నెల్లూరు. పడమర వైపు ఆత్మకూరు, ఉదయగిరి, కలువాయి, రాపూరు అంతా మెట్ట. ఎర్రనేల, రాళ్లు, ముళ్లపొదలు, నిమ్మతోటలు. వెనకాల గోడ కట్టినట్టు వెలిగొండలు. ఆ కొండలు దాటితే బద్వేలు, ఆ పక్కన లంకమల. పెన్నమ్మ ఆ కొండల్ని చీల్చుకుని సోమశిల దగ్గర ఇటు అడుగుపెడుతుంది.

ఇప్పుడు జెర్డన్ సంగతి. థామస్ కావెరిల్ జెర్డన్ అని ఒక ఇంగ్లీషు డాక్టరు. 1840లలో నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేశాడు. రోగుల్ని చూడగా మిగిలిన సమయమంతా పిట్టలు, పాములు, చేపల వెంట తిరగడమే ఆయన పని. ఈ ప్రాంతపు జీవాల గురించి ఆయనకు పాఠం చెప్పినవాళ్లు ఇక్కడి యానాదులు. ఆ రోజుల్లోనే ఆయనకు ఈ పిట్ట దొరికింది. ఎక్కడుంటుందని రాశాడో తెలుసా? నెల్లూరుకు ఎగువనున్న కొండసీమలోనూ, కడపలోనూ అని. 1848లో కలకత్తాలో ఎడ్వర్డ్ బ్లిత్ అనే శాస్త్రవేత్త దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. అంటే ప్రపంచమంతా ఇప్పుడు గాలిస్తున్న ఈ పిట్ట చిరునామా మొట్టమొదట రాసినప్పుడు అందులో మా అత్తగారి వైపు కొండలు కూడా ఉన్నాయన్నమాట.

జెర్డన్ దీనికి ఒక తెలుగు పేరు కూడా రాసుకున్నాడు. ఆయన ఇంగ్లీషు అక్షరాల్లో రాసినదాన్ని కూడబలుక్కుంటే ‘అడవి ఉత్తతిత్తి’ అనిపిస్తుంది. ఉత్త తిత్తి అంటే ఖాళీ సంచి! వేటకు పోయినవాడు ఖాళీ సంచితో రావాల్సిందేనని ఏ యానాది తాతో చమత్కరించి ఉంటాడని నా ఊహ. ఊహే సుమా.

ఆ తర్వాత కథ పిల్లలకు చెప్పడానికి భలే బాగుంటుంది. 1900 తర్వాత ఈ పిట్ట ఎవరికీ కనబడలేదు. సలీం అలీ అంతటివాడు వెతికినా దొరకలేదు. ఇక లేదనే అనుకున్నారు. 1980లలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు మళ్లీ పట్టుబట్టారు. భరత్ భూషణ్ అనే యువ పరిశోధకుడు కడప జిల్లా పల్లెల్లో పిట్ట బొమ్మ చూపిస్తూ తిరిగాడు. ఇది రాత్రి తిరిగే పిట్ట అని చెప్పింది ఏ పుస్తకమూ కాదు, పల్లె జనం. 1986 జనవరిలో లంకమల దగ్గర, ఒక స్థానిక వేటగాడు రాత్రిపూట లైటు వెలుగులో దాన్ని పట్టేశాడు. పాపం, ఆ పిట్ట బతకలేదు. కానీ ఎనభై ఆరేళ్ల తర్వాత కలివికోడి ఉందని లోకానికి తెలిసింది. సలీం అలీకి అప్పటికి 89 ఏళ్లు. మరుసటి ఏడాది కన్నుమూసేలోపు ఆ కబురు వినగలిగాడు.

రైలు నెల్లూరు చేరేసరికి మా వాడికి పులి గుర్తులేదు.

దారిలో దిగులు పోవడానికి ముందు నేలపట్టు చూపించాను. ఇది మాత్రం పిల్లలున్నవాళ్లంతా చూడాల్సిన చోటు. దొరవారిసత్రం దగ్గర చెరువులో, నీళ్లలో నిలబడిన చెట్ల మీద వందలకొద్దీ గూడబాతులు. నవంబరు నుంచి మార్చి దాకా వెళ్తే నిరాశపడే ప్రశ్నే లేదు. ఓ చవక బైనాక్యులర్సు, మంచినీళ్ల సీసా, టోపీ ఉంటే చాలు. పక్కనే పులికాట్‌లో రాజహంసలు. అక్కడ పక్షులే మన కోసం ఎదురుచూస్తున్నట్టు ఉంటాయి. కలివికోడి సంగతి వేరు.

కలువాయిలో దిగగానే మా మామగారు మనవడిని ఎత్తుకుని, ‘‘ఏందిరా అబ్బయా, అంత దూరం పోయి పులిని చూడకుండానే వచ్చినారంట గదా!’’ అని నావైపు ఓ చూపు చూశారు.

‘‘ఈసారి పులి కాదు తాతా. కలివికోడి.’’

‘‘కోడా? రేపు పండక్కి కోస్తాంలే.’’

మా వాడి మొహం చూడాలి. ఇంట్లో అందరూ ఒకటే నవ్వు. నేను కూర్చోబెట్టి ఫోనులో బొమ్మ చూపించాను. మామగారు కళ్లజోడు సర్దుకుని చూసి, ‘‘చిన్నప్పుడు మా నాయన చెప్పేవాడు. కొండకింద బీట్లో రాత్రిపూట పరిగెత్తే పిట్ట ఒకటి ఉండాదని. ఎగరదంట, ఉరుకుతుందంట’’ అన్నారు. ఆ మాటకు నా గుండె ఒక్కసారి గట్టిగా కొట్టుకుంది. అయితే తొందరపడకూడదు. మెట్టపొలాల్లో పరిగెత్తే పిట్టలు ఇంకా ఉన్నాయి. తీతువు ఉంది, దానికి చుట్టాలున్నాయి. తాతలు చెప్పినవన్నీ కలివికోళ్లు కావు.

‘‘ఆ బీడు ఎక్కడ మామయ్యా?’’ అన్నాను.

‘‘యాడో ఏంది? మనదే. కొండకింద నాలుగెకరాలు. పండగ కాంగానే జేసీబీ పెట్టి చదును చేపిస్తుండా. నిమ్మ పెడదామని.’’

ఆ తర్వాత కాసేపు ఎవరం మాట్లాడలేదు. అత్తయ్య అరిసెల పళ్లెం తెచ్చి మధ్యలో పెట్టింది.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. అడవి అనగానే మన మనసులో ఆకాశాన్నంటే చెట్లే మెదులుతాయి. కలివికోడికి అలాంటి అడవి పనికిరాదు. దానికి కావాల్సింది రేగు, తుమ్మ, కలివి పొదలు అక్కడక్కడా ఉండి, మధ్యమధ్య ఖాళీ నేల కనబడే చోటు. పగలు పొద కింద నక్కి ఉంటుంది. చీకటి పడ్డాక ఖాళీ నేల మీద పరుగులు పెట్టి పురుగుల్ని ఏరుకుంటుంది. కలివి పొదల్లో ఉంటుంది కాబట్టే కలివికోడి. మనం పటాల్లో, రికార్డుల్లో బంజరు అని రాసే నేల ఏదుందో అదే దాని ఇల్లు. పెద్ద అడవిని నరకొద్దని అడిగేవాళ్లు ఎంతోమంది ఉంటారు. ముళ్లపొదల్ని కొట్టొద్దని ఎవరడుగుతారు? పొదలు కొడితే ‘భూమి బాగుచేశాడు’ అంటాం. నేనూ అలా అన్నవాణ్నే.

ఈ మాటే మామగారితో అంటే ఆయన నెమ్మదిగా, ‘‘అయితే ఇన్నాళ్లూ మన మేకలు ఆ బీట్లో మేసినందుకే గదా అది బతికింది? మేకలు మెయ్యకపోతే పొదలు ఒకదాన్నొకటి కమ్ముకోవా?’’ అన్నారు.

నాకు నోట మాట రాలేదు. పరిశోధకులు ఏళ్ల తరబడి లెక్కలు వేసి తేల్చింది కూడా దాదాపు ఇదే. పొద మరీ చిక్కబడినా ఆ పిట్ట ఉండదు. మరీ పలచబడినా ఉండదు. అతిగా మేపినా, కట్టెలకు నరికినా, యంత్రంతో చదును చేసినా పోతుంది. మితంగా మేకలు తిరిగే చోటే దానికి నచ్చుతుంది. ఆ సంగతి చెబితే మామగారు మీసం దువ్వుకున్నారు. అంతలోనే, ‘‘సరే అల్లుడా, పిట్ట ఉండాదనుకో. నాకేం వస్తుంది? నలభై ఏళ్లుగా ఆ నాలుగెకరాలు నాకు నాలుగు రూపాయలు ఇవ్వలేదు. నిమ్మ అయితే నాలుగేళ్లకు కాపుకొస్తుంది. ముసలితనంలో ఎవరి చెయ్యీ చూడకుండా బతకొచ్చని నా ఆశ’’ అన్నారు.

దానికి నా దగ్గర జవాబు లేదు. ఆయన నేల, ఆయన కష్టం. హైదరాబాదులో నెలజీతం తీసుకుంటూ ఏడాదికి రెండుసార్లు వచ్చే అల్లుడు చెప్పే నీతి ఎంత తేలికో నాకు తెలుసు.

ఇలాంటి తగాదానే లంకమల దగ్గర పెద్ద ఎత్తున జరిగింది. చెన్నైకి 15 టీఎంసీల నీళ్లిచ్చే తెలుగుగంగ పథకం మనందరికీ తెలుసు. శ్రీశైలం నీళ్లు కర్నూలు, కడప దాటుకుని సోమశిలకు, అక్కణ్నుంచి కండలేరుకు, ఆపైన పూండికి వెళ్తాయి. ఆ పథకం కాలువ తవ్వకం 2005లో కలివికోడి ఉన్న పొదల్లోకి వచ్చింది. పరిశోధకులు, అటవీశాఖ అడ్డుపడ్డారు. వ్యవహారం సుప్రీంకోర్టు కమిటీ దాకా వెళ్లింది. చివరకు కాలువ దారి మార్చారు. గుప్పెడంత పిట్ట కోసం కాలువ వంపు తిరిగింది! రైతులకు నీళ్లు ఆలస్యమయ్యాయని కోపగించుకున్నవాళ్లూ ఉన్నారు. వాళ్ల కోపంలోనూ న్యాయం లేకపోలేదు. అయితే ప్రభుత్వం కాలువను వంచగలదు, పరిహారం ఇవ్వగలదు. నాలుగెకరాల రైతు దేన్ని వంచుతాడు?

ఆ సాయంత్రం ముగ్గురం బీటికి నడిచాం. కొండ వైపు అడవి శ్రీ పెనుశిల నరసింహ అభయారణ్యానిది. పెంచలకోన నరసింహస్వామి పేరు పెట్టారు. వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా ఉంటుంది. చిరుతలు, ఎలుగుబంట్లు ఉన్న అడవి అది. అటవీశాఖ అనుమతి లేకుండా రాత్రిపూట లోపలికి వెళ్లకూడదు, వెళ్లలేదు. మా హద్దులోనే, గట్టు మీద కూర్చున్నాం. ఇంకో సంగతి, ఈ మధ్య కొందరు ఫోనులో పిట్ట కూత పెట్టి దాన్ని బయటికి రప్పించాలని చూస్తున్నారు. ఇంకో పిట్ట తన చోటుకు వచ్చిందనుకుని అది తిండి మానేసి తిరుగుతుంది. ఉన్నదే గుప్పెడు పిట్టలైనప్పుడు ఆ సరదా వద్దు. పరిశోధన కోసం అనుమతితో చేసేవాళ్ల సంగతి వేరు.

కలివికోడి పొద్దు గూకాక కొద్ది నిమిషాలే కూస్తుందట. ఆ కాసేపట్లో వింటే విన్నట్టు, లేకపోతే మర్నాడే. మా వాడు ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. నెమలి అరిచింది. కౌజులు పిలుచుకున్నాయి. తీతువు మా నెత్తి మీదుగా గోల పెడుతూ పోయింది. ఊళ్లో మైకులో ఎవరో ముగ్గుల పోటీ విజేతల పేర్లు చదువుతున్నారు. దోమలు కుట్టాయి. అంతే. లేచి వచ్చేశాం.

మర్నాడు వాడికి నేను అసలు ఆట నేర్పించాను. నా సొంతం కాదు, 2000 తర్వాత లంకమలలో పరిశోధకులు వాడిన పద్ధతే. చూడలేని పిట్టను ఎలా లెక్కపెట్టాలని ఆలోచించి, పొదల మధ్య సన్నటి మట్టిని జల్లెడ పట్టినట్టు పరిచి, బాటలు చేశారు. రాత్రి ఆ మట్టి మీదుగా ఎవరు నడిచినా పొద్దున అడుగు కనబడుతుంది. కెమెరాలు కూడా అలాంటి చోట్లే పెట్టారు. కలివికోడి కాలికి మూడే వేళ్లు, అన్నీ ముందుకే. వెనకవేలు ఉండదు. ఒకటి రెండు ఇతర పిట్టలకూ మూడే ఉంటాయి కాబట్టి కొలతలు కూడా తీసుకునేవారు.

మామగారు పాత జల్లెడ, తట్ట ఇచ్చారు. వాగు మట్టి తెచ్చి, రెండు పొదల మధ్య ఐదడుగుల బాట పరిచాం. పెంకుతో నున్నగా చేశాం. భోగి మంట కంటే ముందే లేచి పరిగెత్తాడు వాడు. పండగ నాలుగు రోజుల్లో ఆ మట్టి మీద మేం చదివినవి: మేక, కుక్క, కుందేలు, కౌజు, ఏదో పాము ఈడ్చుకుపోయిన గీత, ఒకరోజు ముళ్లపంది కావచ్చు. రెండో రోజు మాత్రం పెద్ద టైరు చెప్పులు.

‘‘తాతా! ఇది నువ్వే!’’

‘‘ఏదో చూద్దామని వచ్చినాలేరా’’ అన్నారు మామగారు, దొరికిపోయిన దొంగలా.

పార్కు జీపులో మూడు గంటలు కూర్చోలేక నసిగిన పిల్లాడు, ఐదడుగుల మట్టి ముందు గంటన్నర గొంతుక్కూర్చున్నాడు. కుందేలు వెనకకాళ్లు ముందుకు పడతాయని నాకు వాడే చూపించాడు. మీ ఊళ్లో కలివికోడి లేకపోవచ్చు. పొలం గట్టు, జల్లెడ ఉంటే ఈ ఆట మీ పిల్లలతోనూ ఆడొచ్చు.

కలివికోళ్లు ఎన్ని ఉన్నాయో కచ్చితంగా చెప్పగలిగినవాళ్లు లేరు. అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ అంచనా 50 నుంచి 249 మధ్య. దాని గూడును చూసిన శాస్త్రవేత్త లేడు. గుడ్డు ఒక్కటుంది. అదీ ఎక్కడ? స్కాట్లండ్‌లోని అబర్డీన్ యూనివర్సిటీ మ్యూజియంలో. కోలారు బంగారు గనుల్లో పనిచేసిన ఒక పశువుల డాక్టరు 1917లో సేకరించిన గుడ్డు చేతులు మారి అక్కడ చేరింది. 2013లో డీఎన్ఏ పరీక్ష చేసి అది కలివికోడిదే అని తేల్చారు. లంకమలలోనూ 2010 దగ్గర్నుంచి ఏళ్లకేళ్లు జాడ దొరకలేదు. మళ్లీ పోయిందేమోనని భయపడ్డారు. 2025 ఆగస్టులో కొందరు పక్షి పరిశీలకులు మన రాష్ట్రంలోనే ఒక రాత్రి దాని కూతను రికార్డు చేశారు. ఉందన్నమాట.

ఉందన్న కబురు ఎంత తీపో, లేదన్న కబురు ఎంత చేదో రోళ్లపాడు వెళ్లినవాళ్లకు తెలుసు. కర్నూలు సీమలో బట్టమేకపిట్ట కోసమే 1988లో అభయారణ్యం పెట్టారు. కృష్ణజింకలు ఇప్పుడూ కనబడతాయి. బట్టమేకపిట్ట కనబడటమే గగనం. బోర్డు మీద బొమ్మ మాత్రం ఉంది.

తిరుగు ప్రయాణం రోజు జేసీబీ మాట ఎవరం ఎత్తలేదు. ఆటో ఎక్కుతుంటే మా వాడు, ‘‘తాతా, మట్టి రోజూ నున్నగా చెయ్యి. మర్చిపోకు’’ అన్నాడు. మామగారు తలూపారు.

మొన్న శుక్రవారం ఫోను చేసి మాటల మధ్యలో నేనే అడిగాను, నిమ్మ ఎంతవరకు వచ్చింది మామయ్యా అని.

‘‘యాడ నిమ్మ! బస్తా రేటు అడగబాక. ఈ ఏడు పెట్టి ఎవడికి అమ్మాల? జేసీబీ వాడికి వద్దని చెప్పినా. ఉగాది కాంగానే చూద్దాం’’ అన్నారు.

వెనకనుంచి అత్తయ్య గొంతు: ‘‘రేటు లేదు గీటు లేదు, పొద్దున్నే జల్లెడ తీసుకుని బీటికి పోతుండాడు నాయనా. నాకు పిండి జల్లించుకోడానికి ఇంకోటి కొనియ్యమను.’’

నిన్న పొద్దున మా వాడు బడికి బయల్దేరుతుంటే వాట్సాప్‌లో ఫోటో వచ్చింది. తర్వాత వెంటనే ఫోను. ‘‘అబ్బయ్యా, మూడే వేళ్లు. వెనకవేలు లేదు. ఎవరూ తొక్కకుండా తట్ట బోర్లించి వచ్చినా. అదేనా?’’

పక్కన స్కేలు పెట్టి ఇంకో ఫోటో తీయమన్నాను. తీతువుల చుట్టమే అయ్యుండొచ్చని కూడా చెప్పాను. మా వాడు ఫోను లాక్కుని, బూట్లు కూడా వేసుకోకుండా గుమ్మంలో కూర్చుని ఫోటోను పెద్దది చేసి చూస్తున్నాడు. అందులో పిట్ట అడుగు కంటే మామగారి బొటనవేలే ఎక్కువ కనబడుతోంది.